బద్ధకం అనుకుని ఐదు నెలలు పోగొట్టుకున్నాను

సెప్టెంబరు రెండో వారంలో ఒక రోజు పొద్దున తొమ్మిదింటి క్లాసుకి వెళ్లలేదు. అలారం మోగింది, మెలకువా వచ్చింది. పైకప్పు చూస్తూ అలాగే పడుకుండిపోయాను. ఒంట్లో నలత లేదు, ముందు రాత్రి మేలుకున్నదీ లేదు. ఈ ఒక్క రోజే కదా అనుకున్నాను. ఆ రోజు నుంచి, ఒక మనిషి ఎదురుగా కూర్చుని "నాకేదో అవుతోంది" అని నోరు విప్పి చెప్పేదాకా దాదాపు ఐదు నెలలు పట్టింది. డిగ్రీ మూడో ఏడాది, మొదటి రెండేళ్లూ మంచి మార్కులు. అందుకే ఇది డిప్రెషన్ అనే జబ్బేమో అన్న ఆలోచనే రాలేదు. పొగరెక్కింది, బద్ధకం పట్టింది అని నన్ను నేనే తిట్టుకున్నాను.

బాధ అని చెప్పలేను. చాలా రోజులు ఏడుపు కూడా రాలేదు. ఇష్టమైన పాట పెట్టుకుంటే పక్కగదిలో ఎవరి కోసమో మోగుతున్నట్టుండేది. పుస్తకం తెరిస్తే ఒకే పేరా నాలుగుసార్లు చదివేదాన్ని. అక్షరాలు తెలుస్తున్నాయి, అర్థం మాత్రం లోపలికి దిగడం లేదు. రోజుకు పదకొండు గంటలు పడుకున్నా లేచేసరికి నీరసం. ఆకలి మందగించింది, డిసెంబరు నాటికి నాలుగు కిలోలు తగ్గాను. స్నానానికి వెళ్లాలంటే ముందు తువ్వాలు తీసుకోవాలి, చెప్పులు వేసుకోవాలి, తలుపు గడియ తీయాలి అని ఒక్కో పనీ విడివిడిగా కనిపించేది. అవన్నీ తలుచుకునేసరికే అలసిపోయి మళ్లీ దుప్పటి కప్పుకునేదాన్ని.

బద్ధకమే అనుకున్నాను కాబట్టి బద్ధకానికి చేసే వైద్యమే చేశాను. రాత్రిపూట ఉత్సాహం నింపే వీడియోలు చూడటం, రంగు పెన్నులతో టైమ్‌టేబుల్ గీయడం, రేపటి నుంచి అయిదింటికే లేవాలని ఒట్టు పెట్టుకోవడం. పొద్దునకల్లా ఒట్టు తప్పేది. దాంతో నిన్నటి కంటే ఇంకాస్త పనికిరానిదాన్నయ్యానని రుజువైనట్టుండేది. ఇలా ఎన్ని టైమ్‌టేబుళ్లు గీశానో! తర్వాత గది సర్దుకుంటుంటే పదకొండు దొరికాయి. ఏదీ రెండు రోజులు దాటలేదు.

నవంబరు 3న సెమిస్టర్ పరీక్ష. హాలు తలుపు దాకా వెళ్లాను. లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. హాల్ టికెట్ చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి తలుపు మూశారు. మూయగానే గుండెల మీంచి బరువు దిగినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయికే నాకు భయమేసింది. సాయంత్రం ఇంటి నుంచి ఫోన్ వస్తే "బాగానే రాశాను నాన్నా" అన్నాను. ఆ ఒక్క అబద్ధం నిలబెట్టడానికి తర్వాత ఎన్ని చెప్పాల్సి వచ్చిందో. చివరికి ఇంటి ఫోన్ ఎత్తడమే మానేశాను.

ఆ రోజుల్లో నా కంప్యూటర్‌లో ఒక మెయిల్ ఉండేది. పరీక్షకు ఎందుకు రాలేదో మా ప్రొఫెసర్‌కి చెప్పాలని మొదలుపెట్టింది. "గౌరవనీయులైన సర్" అని ఉంటుంది, కామా ఉంటుంది, దాని కింద అంతా ఖాళీ. తొమ్మిది రోజులు రోజూ తెరిచాను. కారణం ఏమని రాయాలి? జ్వరం కాదు, ఇంట్లో ఎవరూ పోలేదు. చెప్పుకోదగ్గ కారణం లేని మనిషికి సాయం అడిగే హక్కు లేదనిపించింది. పదో రోజు ఆ మెయిల్‌ని చెరిపేశాను.

మా రూమ్‌మేట్ జనవరి 14న, సెలవుల నుంచి వచ్చిన రాత్రి, సంచి కూడా విప్పకుండా నా మంచం మీద కూర్చుంది. "నువ్వు నవ్వి ఎన్నాళ్లయిందే?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. జవాబు చెబుదామని వెనక్కి వెళ్లి వెతికాను, దొరకలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి ఏడ్చాను. ఆమె ధైర్యం చెప్పలేదు, సలహా ఇవ్వలేదు. కాసేపయ్యాక "యూనివర్సిటీలో కౌన్సెలింగ్ సెంటర్ ఉంది కదా, మెయిల్ నేను టైప్ చేస్తాను, నువ్వు పంపు" అంది. మూడు వాక్యాలు. 16న పంపాను, పంపడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

మూడు రోజులకి జవాబొచ్చింది. దొరికిన తేదీ జనవరి 31, అంటే ఇంకో పన్నెండు రోజులు. మెయిల్ పంపితే ఆ వారంలోనే పిలుస్తారనుకున్నాను. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో వరుస పెద్దదిగా ఉంటుందని తర్వాత తెలిసింది. ఆ జవాబు కింద రెండు వరుసలు లావు అక్షరాల్లో ఉన్నాయి. ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచనలుంటే వరుసతో పనిలేదు, వెంటనే ఫోన్ చేయండి లేదా నేరుగా వచ్చేయండి, అదే రోజు చూస్తారు అని. ఇది ముందే తెలియాల్సిన సంగతి, నాకైతే తెలియదు. ఆ పన్నెండు రోజుల్లో రెండుసార్లు అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుందామనుకున్నాను. ఒక రోజు కాస్త తేలిగ్గా ఉండి, ఏమీ లేనిదానికి గోల చేస్తున్నానేమో అనిపించింది. ఇంకో రోజు మంచం మీంచి లేవలేక. రెండోసారి రూమ్‌మేట్ ఫోన్ లాక్కుంది.

31న లోపలికి పిలవకముందే ఒక కాగితం ఇచ్చారు. డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే ప్రశ్నల కాగితం. పీహెచ్‌క్యూ-9 అంటారు, 2001 నుంచి వాడుకలో ఉందట. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు. పనుల మీద ఆసక్తి, దిగులు, నిద్ర, అలసట, ఆకలి, నేను పనికిరానన్న భావన, ఏకాగ్రత, కదలికలు మందగించడం లేదా నిలకడ లేకపోవడం, చివరిది చావు గురించిన ఆలోచనలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. ఎనిమిది ప్రశ్నలు గబగబా గుర్తులు పెట్టేశాను. తొమ్మిదో దాని దగ్గర పెన్ను ఆగింది. పొద్దున మెలకువ రాకపోతే బాగుండునని కొన్ని రోజులు అనుకున్న మాట నిజం. రాస్తే ఇంటికి ఫోన్ చేస్తారేమో, చదువు మాన్పిస్తారేమో, ఫైల్లో ఎక్కించేస్తారేమో అని వణికాను. "కొన్ని రోజులు" అన్న గడిలో గుర్తు పెట్టి, దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

కౌన్సెలర్ మేడమ్ మొదట ఆ చేతి కింద ఉన్నదాని గురించే మాట్లాడారు. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది, నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదమనిపిస్తే మాత్రం దాచలేను, అప్పుడు కూడా ముందు నీకే చెబుతాను అన్నారు. తర్వాత సూటిగా అడిగారు. అలాంటి ఆలోచన ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది, ఏమైనా చేసుకోవాలని అనుకున్నావా అని. అంత మామూలు గొంతుతో ఎవరైనా అడగొచ్చని నాకు తెలియదు. అడిగితే ఆలోచన పెరుగుతుందేమోనని భయపడతాం. నాకు మాత్రం గదిలోకి గాలి వచ్చినట్టయింది. అనుకోలేదని చెప్పాను, అది నిజమే. అయినా ఇద్దరం కలిసి ఒక కాగితం రాశాం. ఆ ఆలోచన వచ్చే ముందు నాకు కనిపించే గుర్తులు, అప్పుడు నేను చేయగలిగినవి, ఫోన్ చేయగలిగిన ముగ్గురి పేర్లు, అత్యవసర నంబరు. అది ఇప్పటికీ నా ఫోన్ కవరు వెనక మడత పెట్టి ఉంది.

నా మొత్తం 17 వచ్చింది. "ఇది థర్మామీటర్ లాంటిది. జ్వరం ఎంతుందో చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. డిప్రెషనే అని ఈ కాగితం చూసి తేల్చకూడదు, డాక్టర్ చూడాలి" అన్నారు. మొత్తం యాభై నిమిషాలు. బయటికొచ్చాక తేలిక పడతానేమో అనుకున్నాను గానీ, ఒళ్లంతా చితకబాదినట్టు అలసిపోయి ఆ మధ్యాహ్నమంతా పడుకున్నాను. మొదటి రెండు మూడు సెషన్ల తర్వాతా ఇలాగే జరిగింది. ఆ రోజు వేరే పనేదీ పెట్టుకోకూడదని నాకు నేను నేర్చుకున్నాను.

సైకియాట్రిస్ట్ దగ్గర దొరికిన తేదీ ఫిబ్రవరి 20. మళ్లీ ఇరవై రోజులు. డబ్బు సంగతి చెబుతాను. కౌన్సెలింగ్‌కి విద్యార్థుల దగ్గర ఏమీ తీసుకోలేదు. డాక్టర్‌కి మొదటిసారి ఎక్కువ, తర్వాతి విజిట్లకు అందులో సగం. నేను లెక్కలో వేసుకోనివి రక్తపరీక్షలు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12, డి. వాటికే అన్నిటికంటే ఎక్కువైంది, ఆ నెల చేతిఖర్చులో మూడో వంతు అక్కడే పోయింది. నెల మాత్రల ఖరీదు మాత్రం నేను భయపడినదాంట్లో పావు కూడా లేదు. పరీక్షలెందుకంటే, థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా అచ్చం ఇలాగే నీరసం, నిరాసక్తత ఉంటాయట. నాకు బి12 తక్కువని తేలింది, దానికి వేరే మాత్రలిచ్చారు. తక్కినవన్నీ సరిగ్గానే ఉన్నాయి.

డాక్టర్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. నేను ఊహించని ప్రశ్న ఒకటడిగారు. ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకపోయినా హుషారుగా, మాటలు ఆగకుండా, డబ్బు విపరీతంగా ఖర్చు పెడుతూ ఉన్నావా అని. లేదన్నాను. అలాంటి రోజులుంటే అది బైపోలార్, అంటే ఆ హుషారూ ఈ దిగులూ మారిమారి వచ్చే జబ్బు కావచ్చు, అప్పుడు వైద్యమే మారిపోతుంది, డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ముదరొచ్చు అని వివరించారు. స్నేహితురాలికి పనిచేసిన మాత్ర మనం అడిగి తెచ్చుకుని వేసుకోకూడదని అప్పుడు అర్థమైంది. ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర రాశారు, మొదటి వారం 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. మందు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాల దాకా పట్టొచ్చు, అంతవరకు మానొద్దు, మానాలనుకుంటే ఒక్కసారిగా ఆపొద్దు, నాకు చెప్పు అన్నారు. పాతికేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంటుంది, కాబట్టి గదిలో ఉండే అమ్మాయికి ఈ విషయం చెప్పి ఉంచు, ఏ మార్పు కనిపించినా వెంటనే ఫోన్ చెయ్యి అన్నారు. చెప్పాను. ఆ నెలంతా రూమ్‌మేట్ రాత్రి పడుకునే ముందు "ఇవాళ ఎలా ఉందే?" అని అడగకుండా లైటు ఆర్పలేదు.

ఫిబ్రవరి 23న మొదలుపెట్టాను. మొదటి నాలుగు రోజులు వికారం, తలనొప్పి. ఆవలింతలు ఒకదాని వెనక ఒకటి. ఐదో రోజుకి వికారం తగ్గింది. రెండు వారాలకి మళ్లీ రమ్మంటే వెళ్లి, ఏమీ మారలేదని చెప్పాను. నీ మొహం చూస్తే నిద్ర కుదిరినట్టుందే అన్నారు డాక్టర్ గారు. ఆలోచిస్తే నిజమే, మధ్యాహ్నాలు పడుకోవడం తగ్గింది. అయిదో వారంలో, మార్చి ఆఖర్న, రూమ్‌మేట్ ఏదో చెబుతుంటే మధ్యలో అడ్డొచ్చి "తర్వాత ఏమైంది?" అని అడిగాను. ఆమె చెప్పడం ఆపేసి నావైపు చూసింది. నాకు తెలుసుకోవాలనిపించింది! ఎవరి సంగతైనా తెలుసుకోవాలనిపించడం ఇంత తియ్యగా ఉంటుందని మర్చిపోయాను.

మాత్రలు నన్ను నీటి పైకి తేల్చాయి. ఈత మాత్రం ఆ కౌన్సెలింగ్ గదిలోనే నేర్చుకున్నాను. వారానికి ఒకసారి చొప్పున పన్నెండు సెషన్లు. రెండో సెషన్‌లో మేడమ్ గంటల గళ్లున్న కాగితం ఇచ్చారు. ఏ గంటలో ఏం చేశానో రాయాలి, పక్కన రెండు అంకెలు వేయాలి. ఎంత ఆనందం కలిగింది, ఏదో సాధించానని ఎంత అనిపించింది, పదికి ఎన్ని. నేను ఫోన్ చూసిన నాలుగు గంటల పక్కన అంకె వేయబోతే ఒకటి కంటే ఎక్కువ రాలేదు. హాయిగా ఉంటుందనే కదా చూస్తున్నాను? లైబ్రరీ పుస్తకం ఒకటి నాలుగు నెలలుగా నా బల్ల మీదుంది, జరిమానా పెరుగుతోంది. దాన్ని ఇచ్చి రావడానికి వెళ్లేముందు ఎంత ఆనందం అనుకుంటున్నావో రాయమంటే సున్నా రాశాను. వచ్చాక నాలుగు రాశాను. ఆ సున్నాకీ నాలుగుకీ మధ్య తేడా నాకు ఏ వీడియో చూపించలేదు.

ఇన్నాళ్లూ చదవాలనే కోరిక పుట్టాక చదువుదామని కూర్చున్నాను. ఈ జబ్బు మొదట మింగేదే ఆ కోరికని. పని మానేస్తే దానితో వచ్చే చిన్న చిన్న సంతోషాలు పోతాయి, అవి పోతే ఇంకా మానేస్తాం. ఈ చుట్టు ఎక్కడో ఒకచోట తెగాలి, పని వైపు నుంచి తెంచడమే మన చేతిలో ఉంది అన్నారు మేడమ్. బిహేవియరల్ యాక్టివేషన్ అంటారట దీన్ని, 1970ల్లో పీటర్ లూయిన్‌సన్ అనే మానసిక శాస్త్రవేత్త చేసిన పని దీనికి పునాది అని చెప్పారు. చెప్పడం తేలికే. మొదటి వారం "రోజుకు మూడు గంటలు చదవాలి" అని రాసుకెళితే, మేడమ్ పెన్నుతో కొట్టేసి "పది నిమిషాలు" అని రాశారు. మళ్లీ ఆలోచించి అదీ కొట్టేసి "పుస్తకం తెరిచి బల్ల దగ్గర కూర్చోవడం" అని రాశారు. చదవక్కర్లేదా అంటే, అక్కర్లేదు అన్నారు. కిటికీ తెరవడం, పళ్లు తోముకోవడం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. మొదట అవమానంగా అనిపించింది. మూడో రోజు, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఒక పేజీ చదివాను.

ప్రొఫెసర్లకు మెయిల్ కూడా ఆ గదిలోనే రాశాను. జబ్బు పేరు చెప్పక్కర్లేదన్నారు మేడమ్. ఆరోగ్య కారణంగా వెనకబడ్డాను, వైద్యం తీసుకుంటున్నాను, ఫలానా పని ఫలానా తేదీకి ఇవ్వవచ్చా. అంతే. ముగ్గురికి పంపితే ఒకరు నలభై నిమిషాల్లో గడువు పెంచుతూ జవాబిచ్చారు, ఆరోగ్యం ముందు చూసుకోమ్మా అని కూడా రాశారు. ఒకరు కుదరదన్నారు. ఒకరు జవాబే ఇవ్వలేదు. మెడికల్ సర్టిఫికెట్ దగ్గర దెబ్బ తిన్నాను. డాక్టర్ గారు తాము చూసిన ఫిబ్రవరి 20 నుంచే ఇస్తామన్నారు, నవంబరు పరీక్షకు వెనక తేదీతో ఇవ్వలేమన్నారు. ఆవిడది న్యాయమే. కానీ నేను నవంబరులోనే వెళ్లి ఉంటే ఆ పేపరు పోయేది కాదు. చివరికి ఆ సెమిస్టర్‌లో అయిదు సబ్జెక్టుల్లో రెండు వదులుకుని మూడింటితో నడిపాను. ఒక ఏడాది ఆలస్యమవుతుందని తెలిసిన రోజు మళ్లీ మంచం ఎక్కేశాను, మర్నాడు లేచాను.

ఇంట్లో చెప్పింది మార్చి 8న. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ మాత్రలు అలవాటైపోతాయేమో తల్లీ" అన్నారు. అమ్మ "అంత కష్టముంటే మాకెందుకు చెప్పలేదు?" అని ఒకటే మాట మళ్లీ మళ్లీ. తర్వాతి విజిట్‌లో నాన్నని ఫోన్లో డాక్టర్‌తో మాట్లాడించాను. ఇంకా కావాలి కావాలి అని మనసు పీకే మందు కాదండీ, మానేటప్పుడు నెమ్మదిగా తగ్గించాలి, అంతే అని ఆవిడ చెప్పాక కాస్త కుదుటపడ్డారు. పరీక్ష రాశానని అబద్ధం చెప్పిన సంగతి కూడా ఒప్పుకున్నాను. "పోనీలే, పరీక్ష ఎక్కడికి పోతుంది" అన్నారు నాన్న. నవంబరు నుంచి నేను మోసుకు తిరిగినదాన్ని ఆయన ఆ ఒక్క మాటతో దించేశారు.

ఏప్రిల్ చివరికి ఆ కాగితం మీద నా మొత్తం 8, జూన్‌లో 4. మూడు పేపర్లూ పాసయ్యాను. జూలైలో మళ్లీ జారాను. సెలవులు, గదిలో ఒక్కదాన్నే, పట్టిక రాయడం మానేశాను, వారం తిరిగేసరికి మధ్యాహ్నం దాకా పడక. సెలవుల్లో కౌన్సెలింగ్ సెంటర్ మూసి ఉంటుందన్న సంగతి అప్పుడే తెలిసింది. డాక్టర్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ ముందుకు జరిపించుకున్నాను. మందు మార్చలేదు, నిద్ర లేచే వేళ ఒక్కటి ముందు సరిచేసుకోమన్నారు. పది రోజులు పట్టింది. పోయినసారి ఇదే చోట ఐదు నెలలు పట్టింది.

ఇప్పుడు అక్టోబరు. మాత్ర కొనసాగుతోంది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వేసుకోవాలన్నారు, డిసెంబరులో తగ్గించే సంగతి మాట్లాడతారు. అందాకా రాత్రి తొమ్మిదింటికి అలారం. మిగిలిన రెండు పేపర్లలో మొదటిది నవంబరులో, అదే హాల్లో. నిన్న దాని ముందు నుంచి నడిచి వెళ్లాను, ఆ మెట్ల మీద ఎవరో అమ్మాయి కూర్చుని నోట్స్ తిరగేస్తోంది. ఇవాళ్టి గడిలో "ఆ పేపరు, మూడో అధ్యాయం, ఇరవై నిమిషాలు" అని ఉంది. ఇది రాయడం అయింది, వెళ్లి కూర్చుంటాను.